లేత్ దగ్గర చెవిన పెట్టకూడని సలహాలు

సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు అన్నాక క్రేన్లుంటాయి, డ్రెడ్జర్లుంటాయి, పంపులు, కన్వేయర్లు ఉంటాయి. తిరిగే ఇనుము ఉన్నచోట అరిగే ఇనుమూ ఉంటుంది. ఆ అరిగిన షాఫ్టులూ బుష్‌లూ బాగుచేసే పని విశాఖపట్నం దాకా పోకుండా టెక్కలి, పలాస, కాశీబుగ్గ లేత్ షాపులకే రావాలని నా కోరిక. మన ఐటీఐ, డిప్లొమా పిల్లలకి చేతిపని వచ్చు. వాళ్ళ దారికి అడ్డం పడుతున్నవి షాపులో చేరిన మొదటి వారంలోనే చెవిలో పడే కొన్ని సలహాలు. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకీ ఎవరో చెప్పినవే. కానీ కంపెనీ డ్రాయింగు మీద 50 పక్కన హెచ్7, కె6 అని కనిపించిన రోజున ఆ సలహాలు ముంచుతాయి.

ముందు అసలు సంగతి నాలుగు మాటల్లో. ఏ లేతు మీదైనా సరే, ఎంత పనివాడైనా సరే, సరిగ్గా 25.000 మిల్లీమీటర్లు తియ్యలేడు. అందుకని డ్రాయింగు గీసినాయన ఒక పై హద్దూ ఒక కింది హద్దూ ఇచ్చి, ఈ రెండిటి మధ్య ఎక్కడున్నా ఒప్పుకుంటానంటాడు. ఆ రెండు హద్దుల ఎడం టాలరెన్సు. రంధ్రం హద్దులూ షాఫ్టు హద్దులూ కలిసి ఆ జత ఎలా కూర్చుంటుందో నిర్ణయిస్తాయి, దాన్ని ఫిట్టు అంటాం. ఎప్పుడూ ఖాళీ మిగిలేది వదులు ఫిట్టు, ఎప్పుడూ షాఫ్టే లావుగా ఉండేది బిగింపు ఫిట్టు, రెండూ వచ్చే వీలున్నది మధ్యరకం. మన ఐఎస్ 919 పట్టికలు ఐఎస్ఓ 286 పద్ధతివే. పెద్ద అక్షరం రంధ్రానిది, చిన్న అక్షరం షాఫ్టుది, పక్కనున్న అంకె టాలరెన్సు ఎంత సన్నమో చెప్తుంది. 25 మిల్లీమీటర్ల హెచ్7 రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా ఉండొచ్చు. దాన్లోకి వచ్చే షాఫ్టు జి6 అయితే 24.980 నుంచి 24.993 దాకా, హాయిగా తిరుగుతుంది. అదే పి6 అయితే 25.022 నుంచి 25.035 దాకా, ప్రెస్సు పెట్టి దించాలి. రెండు షాఫ్టులకీ మధ్య తేడా మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. పని మాత్రం పూర్తిగా వేరు.

కాబట్టి పని ముట్టుకునే ముందు అడగాల్సింది, ఈ రెండు ముక్కలూ కలిసి ఏం చెయ్యాలి అని. తిరగాలా, జారాలా, బలం మొయ్యాలా, రేపు ఊడదియ్యాలా? కింద చెప్పబోయే తప్పుడు సలహాలన్నీ ఈ ప్రశ్నని దాటేసి పుట్టినవే.

“బిగువుంటే మంచిదే గదేటి, ఎప్పుడికీ కదల్దు”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేదీ, ఎక్కువ బేరింగులని తినేసేదీ ఇదే. ఉద్దానం తోటల్లో కొబ్బరికి నీళ్ళు పెట్టే మోనోబ్లాకు మోటర్లలో తరచు కనిపించే 6205 బేరింగునే తీసుకోండి. లోపలి బోరు 25, బయట 52, వెడల్పు 15. లోపలి రేసు షాఫ్టుతోపాటు తిరుగుతుంది కాబట్టి దానికి కాస్త బిగింపు కావాలి. లేకపోతే రేసు షాఫ్టు మీద పాకుతూ పాకుతూ షాఫ్టుని కోసేస్తుంది. అందుకే కె6 ఇస్తారు, అంటే 25.002 నుంచి 25.015 దాకా. బేరింగు బోరు 25.000 నుంచి 24.990 దాకా ఉండొచ్చు. రెండూ కలిపితే బిగింపు 2 మైక్రాన్ల నుంచి 25 మైక్రాన్ల మధ్య వస్తుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఇప్పుడు బేరింగు లోపలికి చూడండి. ఈ సైజుకి బంతులకీ రేసులకీ మధ్య మామూలు ఖాళీ 5 నుంచి 20 మైక్రాన్లు. బిగింపు పెరిగేకొద్దీ లోపలి రేసు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఈ ఖాళీనే తింటుంది. షాఫ్టుని 25.040కి వదిలేసి “బాగా బిగువుగా కూర్చుంది” అని సంతోషపడితే బంతులకి ఊపిరాడదు. మోటరు ఆన్ చేసిన కాసేపటికి బేరింగు దగ్గర చెయ్యి పెట్టలేం, గ్రీజు కరిగి కారిపోతుంది, వారం పది రోజులకి కూత మొదలు. అప్పుడు తప్పు కంపెనీ బేరింగుది అంటారు. డబ్బా మీద సి3 అని ఉన్నవాటికి లోపలి ఖాళీ ఎక్కువ, ఇదే సైజుకి 13 నుంచి 28 మైక్రాన్లు. గట్టి ఫిట్టు, వేడి ఎక్కువున్న చోట కోసం వాటిని చేశారు. డబ్బా మీద ఏముందో చూడకుండా ఏదో ఒకటి వేసెయ్యడం కూడా ఈ సలహాలో భాగమే.

ఇక బయటి రేసు. అది మోటరులో తిరగదు, కాబట్టి దానికి బిగింపు అక్కర్లేదు. హౌసింగు హెచ్7 చాలు, చేత్తో నొక్కితే దిగాలి. రెండు రేసులనీ బిగిస్తే షాఫ్టు వేడెక్కి పొడుగు సాగినప్పుడు ఎటు జరుగుతుంది? తిరిగే రేసుకి బిగింపు, ఆగి ఉన్న రేసుకి వదులు అనేది గోడ మీద రాసి పెట్టుకోదగ్గ మాట. దానిలోనూ ఒక మెలిక ఉంది. మోటరు మూత అల్యూమినియందైతే అది ఉక్కు కన్నా రెట్టింపు దాకా వ్యాకోచిస్తుంది. 52 మిల్లీమీటర్ల సీటు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉన్నా, 70 డిగ్రీలకి వెళ్ళేసరికి దాదాపు 29 మైక్రాన్లు వదులవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక బయటి రేసు తిరిగిపోయే మోటర్లకి మూలం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. అలాంటి చోట అల్యూమినియంలో ఉక్కు స్లీవు వేయించడం మంచిది.

బిగింపు అవసరమైన చోట మాత్రం అది ప్రాణం. నౌపడ స్టేషన్ మీదుగా పోయే రైలుపెట్టె చక్రాలు యాక్సిల్ మీద ఎలా నిలుస్తున్నాయి? కీ లేదు, బోల్టు లేదు. యాక్సిల్‌ని కాస్త లావుగా, చక్రం బోరుని కాస్త సన్నగా తీసి, హైడ్రాలిక్ ప్రెస్సుతో దించుతారు. దించేటప్పుడు ఎన్ని టన్నులు పట్టిందో గ్రాఫు తీస్తారు. ఆ గ్రాఫు తక్కువ చూపిస్తే చక్రాన్ని పక్కన పెడతారు, ఎక్కువ చూపించినా పక్కన పెడతారు. ఎక్కువ కూడా తప్పేనని ఇన్నేళ్ళుగా రైల్వే ఒప్పుకుంటోంది. 1900లో ఇదే నౌపడ నుంచి పర్లాకిమిడికి 762 మిల్లీమీటర్ల గేజి మీద చిన్న రైలు నడిచింది. మన జిల్లాలో ఈ లెక్కలకి అంత వయసుంది.

“సుత్తితో నాలుగు దెబ్బలెయ్యి, అదే దిగుద్ది”

దిగుతుంది. బయటి రేసు మీద కొట్టి లోపలి రేసుని దింపితే ఆ దెబ్బలన్నీ బంతుల మీదుగా పోతాయి. ప్రతి బంతి కిందా రేసులో ఒక చిన్న గుంట పడుతుంది. కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. బండి చక్రానికి ఇనప పట్టా వేసే మన కమ్మర్లు పట్టాని సుత్తితో ఎక్కించేవాళ్ళు కారు. పిడకల మంటలో కాల్చి, సాగదీసి, చక్రం చుట్టూ వేసి, నీళ్ళు పోసి చల్లార్చేవాళ్ళు. బేరింగుకీ అదే న్యాయం. 30 డిగ్రీల దగ్గరున్న 25 బోరు బేరింగుని 110కి వేడి చేస్తే బోరు దాదాపు 24 మైక్రాన్లు పెరుగుతుంది, కె6 ఇచ్చే గరిష్ఠ బిగింపు కూడా దాదాపు అంతే. శుభ్రమైన నూనెలో గిన్నె అడుక్కి తగలకుండా వేలాడదీసి వేడి చెయ్యండి. గ్యాస్ వెల్డింగు మంట పెట్టకండి, 120 దాటనివ్వకండి. రబ్బరు సీలు ఉన్నవాటిని నూనెలో ముంచకండి, వాటికి ప్రెస్సు, లోపలి రేసుకి సరిపోయే పైపు ముక్క ఉండాలి.

“తిరిగేదే కదా, చేతికి కాస్త బిగువు తగిలేలా బోరు చెయ్యి, వాడగా వాడగా వదులవుద్ది”

భావనపాడు వైపు పడవల ఇంజన్లకి ప్రొపెల్లరు షాఫ్టు బుష్ చేసేటప్పుడు ఈ మాట వస్తుంది. పడవ వాళ్ళకి షాఫ్టు ఊగితే చిరాకు, కాబట్టి బిగువుగా అడుగుతారు. కానీ ఆ ఖాళీ నీళ్ళు పారడానికి, ఆ నీళ్ళే అక్కడ నూనె. ఖాళీ లేకపోతే నీళ్ళు చేరవు, పొడి ఇనుము పొడి కంచు మీద రాసుకుంటుంది. ఉప్పునీళ్ళతో వచ్చిన ఇసుక రేణువు అక్కడ ఇరుక్కుంటే షాఫ్టు మీద గాడి పడుతుంది.

కంచు బుష్ బదులు నైలాను బుష్ వేస్తే ఇంకో గండం. నైలాను నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. దాన్ని హౌసింగులో బిగించి కూర్చోబెట్టారు కాబట్టి బయటికి ఉబ్బే చోటు లేదు, లోపలికే ఉబ్బుతుంది. షాపులో పొడిగా ఉన్నప్పుడు ముచ్చటగా తిరిగిన షాఫ్టు కొన్నాళ్ళు నీళ్ళల్లో నానాక పట్టేస్తుంది. ఇంజను మీద భారం పడి, సముద్రం మధ్యలో ఆగిపోయేది అప్పుడే. నైలాను వేసేటప్పుడు కంచుకిచ్చే ఖాళీ కన్నా బాగా ఎక్కువ ఇవ్వాలి. బుష్‌ని హౌసింగులో దించాక బోరు మూసుకుంటుంది కనక, తుది బోరింగు దించిన తర్వాతే చెయ్యాలి. ఎంత ఖాళీ ఇవ్వాలో ఆ నైలాను అమ్మిన వాళ్ళ పట్టికలో ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. పడవలో నలుగురు మనుషులుంటారు. వాళ్ళు ఒడ్డుకి రావడం మీ బోరింగు బార్ మీద ఆధారపడిన రోజులుంటాయి.

“లూజైపోనాదా, షాఫ్టు మీద పంచ్ దెబ్బలెయ్యి. టైటయితే ఎమెరీ పట్టి లాగీ”

పంచ్ దెబ్బకి గుంట చుట్టూ చిన్న గట్టు లేస్తుంది. బేరింగు ఆ గట్టు మొనల మీదే కూర్చుంటుంది. తడిమితే గట్టిగానే ఉంటుంది, మైక్రోమీటరు కూడా మంచి సైజే చూపిస్తుంది. భారం పడ్డాక ఆ మొనలు నలిగి మళ్ళీ వదులవుతుంది, ఈసారి రేసు కూడా వంకరగా. కూల్‌డ్రింకు డబ్బా రేకు చుట్టడం, లోపలి రేసుకి వెల్డింగు టాక్ పెట్టడం కూడా ఇదే కుటుంబం. వెల్డింగు వేడికి గట్టిపరిచిన రేసు మెత్తబడి పగిలిపోతుంది, తర్వాత ఎవరు ఊడదియ్యాలన్నా షాఫ్టు కొయ్యాల్సిందే.

ఎమెరీ సంగతి. మెరుగు పట్టడానికి ఎమెరీ బాగుంటుంది, సైజు తియ్యడానికి కాదు. చేత్తో పట్టుకున్న గుడ్డ మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ తింటుంది. 50 షాఫ్టుకి కె6 ఇచ్చే మొత్తం చోటు 16 మైక్రాన్లు. ఎమెరీ గుడ్డ దాన్ని ఒక్క నిమిషంలో ఒకవైపు దాటించేస్తుంది. వదులైన సీటుకి సరైన మందు లోహం నింపి మళ్ళీ సైజుకి తియ్యడం, లేదా స్లీవు వెయ్యడం. ఖర్చు ఎక్కువే. పార్టీకి ముందే ఆ మాట చెప్పి, ఎందుకో వివరించి, ఒప్పుకుంటేనే చెయ్యండి. ఒప్పుకోకపోతే పంచ్ కొట్టి ఇచ్చే పని మీ షాపు పేరు మీద బయటికి పోనివ్వకండి.

“పాత ముక్క తెచ్చాడు గదా, దాన్నే కొలిసి సేసీ”

రిపేరు షాపులో ఇది తప్పించుకోలేని పని, డ్రాయింగు దొరకదు కనక. కొలవడం తప్పు కాదు, ఎక్కడ కొలుస్తారన్నదే ప్రశ్న. అరిగిపోయిందనే కదా తెచ్చాడు? అరిగిన చోట కొలిచి చేస్తే అరుగుదలనే కొత్తగా చేసిచ్చినట్టు. ఆ సన్నబడ్డ షాఫ్టుకి తగ్గట్టు బుష్‌ని కూడా సన్నం చేస్తే, ఆ ఇంజనుకి ఇక బజారులో దొరికే ఏ స్పేరూ పట్టదు. దాన్ని కొన్నవాడు జీవితాంతం మీ షాపుకే రావాలి. అలాంటి గిరాకీ మనకి వద్దు.

సీలుకీ బేరింగుకీ మధ్య ఏదీ తగలని నాలుగు మిల్లీమీటర్ల చోటు దాదాపు ప్రతి షాఫ్టు మీదా ఉంటుంది, అక్కడ కొలవండి. బుష్ అయితే భారం పడని వైపు కొలవండి. వచ్చిన అంకెని గుడ్డిగా నమ్మకండి. 25.38 వస్తే అది 25 కన్నా లావుగా తీసిన షాఫ్టు కాదు, 25.4 ఉండాల్సిన అంగుళం షాఫ్టు రెండు పాయింట్లు అరిగింది. 50.77 వస్తే రెండంగుళాలు. పాత రైసు మిల్లుల్లో, పాత పడవ ఇంజన్లలో అంగుళాల కొలత ఇంకా బతికే ఉంది. దాన్ని మిల్లీమీటర్లలోకి గుండ్రం చేస్తే ఆ జత మళ్ళీ కలవదు.

“కీ మీదే కదా తిరుగుతాది, కీ గట్టిగా ఉంటే సాలు”

ప్రొపెల్లరు టేపరు మీద కూర్చునే చోట ఈ సలహా చేసే కీడు దగ్గర్నుంచి చూడాలి. ప్రొపెల్లరు హబ్బు లోపల టేపరు, షాఫ్టు చివర టేపరు. నట్టు బిగిస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, ఇంజను బలంలో పెద్ద వంతు మోసేది ఆ పట్టే. కీ పక్కలకి గట్టిగా ఆనాలి, నెత్తికి మాత్రం ఆనకూడదు. కీ పైన వెంట్రుకంత ఎత్తున్నా హబ్బు కీ నెత్తి మీద కూర్చుంటుంది. నట్టు ఎంత బిగించినా టేపరు అందదు. చేతికి గట్టిగానే తగులుతుంది, ఒడ్డున ఎవరూ గుర్తుపట్టరు. సముద్రంలో ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడల్లా మొత్తం దెబ్బ కీ మీద పడి, కీ వే మూల దగ్గర పగులు మొదలవుతుంది.

చూసుకునే పద్ధతి తేలిక. కీ తీసేసి, షాఫ్టు టేపరు మీద ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి, హబ్బు ఎక్కించి, కాస్త తిప్పి తియ్యండి. నీలం హబ్బు లోపల అంతటా పరుచుకోవాలి, ముఖ్యంగా లావు వైపు. హబ్బు ఎంత దూరం దిగిందో షాఫ్టు మీద గీత పెట్టండి. ఇప్పుడు కీ పెట్టి మళ్ళీ ఎక్కించండి. గీత దాకా రాకపోతే కీ నెత్తి తగులుతోంది, కీ పైభాగం రాకాలి. ఇంతకి పట్టేది పావుగంట.

“వెర్నియర్ ఉంది గదా, మైక్రోమీటరెందుకు?”

మన షాపుల వెర్నియర్ చూపించే కనీస కొలత 0.02. 25 షాఫ్టుకి జి6 ఇచ్చే చోటు 0.013. అంటే ఒక గీత కన్నా తక్కువ. ఆరు, ఏడు అంకెలున్న ఫిట్టుని వెర్నియర్‌తో తేల్చలేం.

మైక్రోమీటరుతో కూడా మోసపోయే చోటు ఒకటుంది. పల్చని బుష్‌ని త్రీజా చక్కులో గట్టిగా పట్టి బోరు చేస్తారు. చక్కులో ఉండగా బోరు గుండ్రమే. జాలు వదలగానే బుష్ వెనక్కి సర్దుకుంటుంది, బోరు మూడు మూలల ఆకారానికి వస్తుంది. చిత్రం ఏంటంటే, ఆ ఆకారాన్ని రెండు పాయింట్ల మైక్రోమీటరుతో ఎటునుంచి కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది. అంకె బాగుంది, షాఫ్టు దిగదు. ఇంగ్లండులో విలియం టేలర్ 1905లో గేజీల సూత్రం చెప్పింది ఇలాంటి చోట్లని దృష్టిలో పెట్టుకునే. పడుతుందో లేదో చూసే గో గేజీ మొత్తం ఆకారాన్ని ఒకేసారి పరీక్షించాలి, దాటకూడని నో-గో మాత్రం ఒక్కో కొలతని విడిగా చూడాలి. ఒకే సైజు బుష్‌లు పదే పదే చేసే షాపు ఒక ప్లగ్ గేజీ చేయించుకుంటే ఖర్చు త్వరగానే తిరిగొస్తుంది. పల్చని బుష్‌ని సాఫ్ట్ జాలలోనో, చీలిక రింగులోనో పట్టి, చివరి కోతకి చక్కు కాస్త వదులు చెయ్యండి.

వేడి సంగతి కూడా ఇక్కడే. డ్రాయింగు కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. మే నెల మధ్యాహ్నం షాపులో అంతా 35 దాటి ఉన్నా, షాఫ్టూ మైక్రోమీటరూ రెండూ ఉక్కే, రెండూ ఒకే వేడిలో ఉంటే పెద్ద ఇబ్బంది లేదు, ఒకదాని తప్పు ఒకటి కొట్టేస్తుంది. ముప్పు వచ్చేది కోత ఆపిన మరుక్షణం కొలిచినప్పుడు. 60 డిగ్రీల దగ్గరున్న 50 షాఫ్టు, 35కి చల్లారేసరికి 14 మైక్రాన్లు తగ్గుతుంది. వేడిమీద 50.015 చూసి కె6 వచ్చిందని దించేస్తారు, టీ తాగి వచ్చేసరికి అది 50.001. కింది హద్దు 50.002. ఆ షాఫ్టు పోయినట్టే. మైక్రోమీటరుని ఎండ పడే కిటికీలో పెట్టడం కూడా ఇంతే చెడుపు.

“డ్రాయింగులో అన్నిటికీ 0.01 రాసీ, మంచిగొస్తాది”

ఇది చెవినపడేది కొత్తగా క్యాడ్ నేర్చుకున్న డిప్లొమా పిల్లలకి. టాలరెన్సు ఊరికే రాదు. పట్టికలో ప్రతి మెట్టుకీ టాలరెన్సు దాదాపు 1.6 రెట్లు మారుతుంది, అయిదు మెట్లకి పదింతలు. 25 సైజుకి ఆరో గ్రేడు 13 మైక్రాన్లు, పదకొండో గ్రేడు 130. పదకొండుని మామూలు టర్నింగు ఇస్తుంది, ఆరుకి చాలాసార్లు గ్రైండింగు కావాలి. మన చుట్టుపక్కల అన్ని షాపుల్లో గ్రైండరు ఉండదు. దేనికీ ఆనని అంచుకి 0.01 రాస్తే ఆ పని విశాఖపట్నం పోతుంది, మన కుర్రాడి చెయ్యి ఖాళీ. పైగా అన్నీ ముఖ్యమని రాసిన డ్రాయింగులో నిజంగా ముఖ్యమైన ఆ ఒక్క బోరు ఏదో చేసేవాడికి తెలీదు. జతపడే ముఖాలకే సన్నని హద్దులివ్వండి, మిగతావాటిని షీటు కింద రాసే సాధారణ టాలరెన్సుకి వదిలెయ్యండి.

“ఒక్కోటీ బానే ఉంది, అన్నీ కలిసినా బానే ఉంటాది”

బోరు బావి సబ్‌మెర్సిబుల్ పంపుని విప్పితే స్టేజీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పన్నెండు స్టేజీలు, ఒక్కోదాని ఎత్తుకి అటూ ఇటూ 0.05 వదిలారనుకుందాం. పై చివర 0.6 అటో ఇటో పోవచ్చు. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ వచ్చి సర్దుకుంటాయని అంటారు, వేర్వేరు చోట్ల చేసినవైతే అది చాలావరకు నిజం. ఒకే మిషను మీద ఒకే సెట్టింగుతో చేసినవి మాత్రం టూలు అరుగుదలతో పాటు ఒకే పక్కకి ఒరుగుతాయి, తప్పులన్నీ ఒకే వైపు కూడతాయి. కొత్త స్టేజీలు వేసినప్పుడు షాఫ్టు పైకీ కిందకీ ఎంత కదులుతోందో బిగించాక కొలవాలి. ఉద్దానంలో నీళ్ళ కోసం ఎంత బాధ పడ్డారో, కిడ్నీ జబ్బు మీద ఎంత పోరాటం నడిచిందో మనందరికీ తెలుసు. ఇక్కడ పంపు రిపేరుని తేలిగ్గా తీసుకోకూడదు.

“నట్టు పట్టకపోతే బోల్టు మీద జింకు గీకీ”

సముద్రపు గాలికి మామూలు బోల్టు ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతుంది. అందుకే రేవు పనుల్లో వేడి జింకులో ముంచిన బోల్టులు వాడతారు. జింకు పొర 50 మైక్రాన్లుంటే మర మధ్య వ్యాసం 50 కాదు, దానికి నాలుగింతలు, 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మర పక్కలు ఏటవాలు కనక. మామూలు నట్టు ఎక్కదు, అదే సహజం. దాని కోసమే నట్టు మరని కాస్త వెడల్పుగా, జింకు పూత అయ్యాక కోస్తారు. నట్టు లోపల జింకు లేదే అని కంగారు పడక్కర్లేదు, ఆనుకున్న బోల్టు జింకే దాన్ని కాపాడుతుంది. గీకేస్తే కాపాడేదాన్నే గీకేసినట్టు. బోల్టూ నట్టూ ఒకే జతగా తెప్పించండి, ఒకచోట బోల్టు, ఇంకోచోట నట్టు కొనకండి.

“ఏ నాజిల్‌కైనా ఏ నీడిలైనా పడుద్ది”

డీజిలు ఇంజను నాజిల్‌లో నీడిల్‌కీ బాడీకీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్ల స్థాయిది. అంత సన్నగా ఏ మిషనూ నేరుగా ఇవ్వలేదు కాబట్టి ముక్కలని కొలిచి గుంపులు చేసి, తగినవాటిని జతకట్టి, కలిపి లాప్ చేస్తారు. ఆ జతని విడదియ్యకూడదు. నాలుగు సిలిండర్లవి విప్పితే నాలుగు గిన్నెల్లో పెట్టండి. పలాస జీడి పరిశ్రమలో కూడా పిక్కలని సైజుల వారీగా జల్లించాకే కోత మిషనుకి పంపుతారు. బ్లేడ్ల మధ్య ఎడం ఒక సైజుకే సరిపోతుంది, కలిపి పోస్తే చిన్న పిక్క కోతపడదు, పెద్ద పిక్కలో పప్పు తెగి బద్దలవుతుంది. పౌండుకి 240 గింజల లోపు వచ్చే నిండు పప్పు రేటుకీ బద్ద రేటుకీ ఉన్న తేడా ఆ ఎడంలోనే ఉంది.

“డ్రాయింగులో తప్పుంటే నువ్వే సరిచేసీ, ఆళ్ళకేటి తెలుద్ది”

తప్పులుంటాయి. రంధ్రం గుర్తు షాఫ్టుకి పడి ఉండొచ్చు, ఊడదియ్యాల్సిన చోట పి6 ఉండొచ్చు. మీ అనుమానం నిజమే కావచ్చు. అయినా మీ అంతట మీరు మార్చకండి, ఆ జతలో రెండో ముక్క ఇంకెక్కడో, ఇంకొకరి చేతిలో, పాత డ్రాయింగు ప్రకారం తయారవుతూ ఉండొచ్చు. పంపినవాళ్ళకి ఫోను చేసి చెప్పండి, జవాబు రాతలో తెప్పించుకోండి. జవాబొచ్చేదాకా ఆ ఒక్క కొలతకి లోహం వదిలిపెట్టి మిగతా పని పూర్తిచెయ్యండి. ముక్కతోపాటు పంపే చీటీ మీద అడిగిన సైజు, వచ్చిన సైజు, ఎక్కడెక్కడ కొలిచారో, ఏ పరికరంతో, ఎంత వేడిలో కొలిచారో రాసి, కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి.